కాటారం నుంచి వచ్చిన రక్తం

ఈమధ్య ఒక కాలేజీ పిల్లలు నన్ను పిలిచి, "సర్, మీ సర్వీసులో మీరు సాధించిన గొప్ప విజయం గురించి చెప్పండి" అన్నారు. చాలాసేపు బుర్ర గోక్కున్నాను. విజయాలేవీ జ్ఞాపకం రాలేదు. ఒక ఓటమి మాత్రం నిన్ననే జరిగినట్టు కళ్ల ముందుకు వచ్చింది. దాన్ని వేదిక మీద చెప్పలేనని తెలుసు కాబట్టి, ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరేవాళ్లు చదివితే చాలు. శాలువా మాత్రం వెనక్కి ఇవ్వను, చలికాలానికి బాగుంది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మనిషి రక్తంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ తూచి, ఏ ప్రోటీన్ ఎంత ఉందో చెప్పే యంత్రం ఒకటుంది. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో ఆ యంత్రాన్ని నడపడమే నా పని. మాది జనగామ. ఇంట్లో అడ్తి వ్యాపారం, అంటే రైతులు తెచ్చిన పత్తినీ వడ్లనూ తూచి అమ్మిపెట్టడం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా బాపు అడిగాడు.

"ఏం పనిరా నీది?"

"తూకం పని బాపూ. కంటికి కనపడనంత చిన్నయి తూస్తం."

"తూకం పనే గదరా నేను గూడ చేసేది. గీ పనికి గంత సదువెందుకు సదివినవ్?"

ఆ మాటకు నవ్వేసి హైదరాబాద్ బస్సెక్కాను.

ఆ యంత్రంతో చిక్కేమిటంటే, అది చాలా సుకుమారి. ఏసీ కాస్త తగ్గినా, సన్నటి సూదిలో ఏదైనా అడ్డుపడ్డా, పొద్దున చూపించిన అంకె సాయంత్రం చూపించదు. ఒక ల్యాబులో దొరికిన ఫలితం ఇంకో ల్యాబులో దొరికేది కాదు. మా రంగాన్నే పట్టి పీడించిన జబ్బు అది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చిన రక్తాలన్నింటిలోంచి కొంచెం కొంచెం తీసి ఒక సీసాలో కలిపేవాణ్ని. ల్యాబులో చదువుకునే పిల్లలు దానికి కిచిడీ అని పేరు పెట్టారు. కొన్ని రక్తాలు తూచగానే మధ్యలో ఒకసారి కిచిడీని తూచాలి. కిచిడీ అంకెలు మారాయంటే యంత్రం దారి తప్పిందని అర్థం. పని ఆపేసి మొత్తం విప్పి శుభ్రం చేసేవాణ్ని. అలాంటి రోజుల్లో నా గది వైపు ఎవరూ వచ్చేవారు కాదు. నాకు ముక్కు మీద కోపం అని ల్యాబంతా ప్రచారం. అది అబద్ధమేమీ కాదు.

ఆ రోజుల్లో ఒక అమ్మాయి పీహెచ్‌డీకి వచ్చింది. డోర్నకల్ పిల్ల. తండ్రి రైల్వేలో సిగ్నల్ కేబిన్‌లో లివర్లు లాగే పని చేసేవాడు. సుగర్ లేదు, బీపీ లేదు, అయినా రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఉద్యోగం మధ్యలోనే వదులుకుని డయాలిసిస్ మీద బతుకుతున్నాడు. అలా కారణం తెలియకుండా కిడ్నీలు పోగొట్టుకున్న రైతులు, కూలీలు మా వైపు జిల్లాల్లో అక్కడక్కడ ఉన్నారు. కిడ్నీ పూర్తిగా చెడకముందే రక్తంలో ఏదైనా గుర్తు కనిపిస్తుందా? కనిపిస్తే, తన తండ్రికి ఆలస్యమైనా ఇంకొకరి తండ్రికి పనికొస్తుందని ఆ పిల్ల ఆశ. ఆమె పీహెచ్‌డీ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే.

ల్యాబు హెడ్డూ ఆమె గైడూ అయిన మా పెద్దసారుది గోదావరి వైపు. ఆయన ముందు ఆ పిల్ల పుస్తకంలో రాసినట్టు జాగ్రత్తగా మాట్లాడేది. నా గదిలోకి రాగానే "అబ్బ, నోరు నొప్పి లేస్తున్నది సార్" అని మా మాటలోకి దిగిపోయేది. నా కోపానికి భయపడని మనిషి ల్యాబులో ఆమె ఒక్కతే. నేను అరిచినప్పుడల్లా, "మా బాపు గూడ ఇట్లనే ఒర్లుతడు సార్" అని నవ్వేది. ఆ నవ్వు చూశాక ఇంకేం అరుస్తాం?

రక్తం సేకరించడానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్ల మా ప్రాజెక్టు తరఫున ఒక్కో నర్సును పెట్టుకున్నాం. ప్రతిచోటా రోగులూ ఆరోగ్యవంతులూ సమానంగా దొరకాలని కాగితం మీద రాసుకున్నాం. కానీ దొరికినవాళ్లు మన కాగితం ప్రకారం దొరకరు కదా. ఆరోగ్యవంతులందరూ జనగామలో, మహబూబాబాద్‌లోనే దొరికారు. రోగులు ఒక్కరు తప్ప అందరూ భూపాలపల్లి అవతల, కాటారం చుట్టుపక్కల పల్లెల్లో దొరికారు. మహబూబాబాద్‌లో రక్తమిచ్చిన రోగి ఒక్కడే. ఆయన ఈ పిల్ల తండ్రి. డోర్నకల్ నుంచి ఆమే వెంటబెట్టుకుపోయి ఇప్పించింది.

అంతా తూచడం అయ్యాక గుర్తు దొరికింది! ఒక గుంపు ప్రోటీన్లు రోగుల రక్తంలో బాగా ఎక్కువ, మిగతావాళ్లలో తక్కువ. తెరమీద రెండు రంగుల చుక్కలు రెండు వైపులకు విడిపోయి కనిపించాయి. నా సర్వీసులో అంత శుభ్రమైన ఫలితం అంతకుముందు చూడలేదు. పెద్దసారు స్వీట్లు తెప్పించాడు. దీని మీద పేపరు రాసి జర్నల్‌కు పంపి, ఆ తరువాత ఊళ్లల్లో వాడే పరీక్ష తయారుచేద్దామన్నాడు. ఆ పిల్ల అప్పటికప్పుడే తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఆ వార్తను రైల్వే కాలనీలో ఇంటింటికీ చెప్పి వచ్చాడట. ఆ రోజు ఆమె ముఖం ఎలా వెలిగిందో నాకు ఇంకా గుర్తుంది. నాకు కూతుళ్లు లేరు. ఉంటే ఇలాగే ఉండేదనిపించింది.

కొద్దిరోజుల తరువాత మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర నిలబడింది.

"సార్, జర ఒకటి అడుగుత. కోపం జెయ్యొద్దు."

"అడగకముందే గిట్లంటున్నవంటే కోపమొచ్చేదే ఉంటది. చెప్పు."

"రోగులందరి రక్తంల గా ప్రోటీన్లు ఎక్కువున్నయ్. ఒక్కలది తప్ప."

"ఒకటి అటిటు అయితది. పెద్దసారుకు చెప్పినవా?"

"చెప్పిన. ఒక్కటే గదా, లెక్కలకెల్లి తీసెయ్యుమన్నరు."

"మరి తీసెయ్."

ఆమె తలుపు వదిలి లోపలికి వచ్చింది.

"అది మా బాపుది సార్. ట్యూబు మీద నంబరు నాకు యాదికున్నది. డయాలిసిస్ లేకపోతే బతుకని మనిషి రక్తం, మంచిగున్నోళ్ల రక్తం లెక్క కనపడుతున్నది. బాపును ఎట్ల తీసెయ్యాలె సార్?"

నాకు వెంటనే కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆ మాటకు అర్థం నా యంత్రం తప్పు చేసిందనే కదా! మిగిలిన రక్తంతో ఆమె తండ్రిది మళ్లీ తూచాను. ముందొకసారి, వెనకొకసారి కిచిడీ పెట్టాను. కిచిడీ అంకెలు వెంట్రుకవాసి కదల్లేదు. తండ్రి రక్తం మళ్లీ ఆరోగ్యవంతుల వైపే వచ్చి కూర్చుంది. యంత్రం తప్పు లేదని ఛాతీ విరుచుకోబోయాను గానీ, ఎదురుగా ఆమె ముఖం చూస్తే ఆ సంబరం నిలవలేదు. యంత్రం తప్పు లేదంటే తప్పు ఇంకెక్కడో ఉందని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు ఆ ప్రోటీన్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాను. అంతకుముందు నేను అంకెలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసేవాణ్నే తప్ప, పేర్లు పట్టించుకునేవాణ్ని కాదు. అది పెద్దసారు పని. చదివినకొద్దీ ఏదో తిరకాసు ఉందనిపించింది. వాటిలో చాలా భాగం ప్లేట్‌లెట్ల కడుపులో ఉండేవి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఇప్పుడు అందరికీ తెలుసు. ఒంట్లోంచి తీసిన రక్తాన్ని త్వరగా గిర్రున తిప్పి కణాలను వేరు చేయకపోతే, ఆ ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్నదంతా బయటికి వదిలేస్తాయి. పైన తేరే లేత పసుపు ద్రవాన్నే మేం తూచేది. అందులో ఇదంతా కలిసిపోతుంది.

మా బాపు పత్తి బస్తా తూచే ముందు ఎప్పుడూ అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేవాడు. మంచు పట్టిన పత్తి పొద్దునపూట ఎక్కువ తూగుతుంది. కాంటా తప్పు లేదు, రైతు తప్పూ లేదు, రాత్రంతా బస్తా బయట ఉంది, అంతే. నేను ఇన్నాళ్లూ కాంటాను తుడుస్తూ కూర్చున్నాను. మా బస్తాలో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆమెను పిలిచి చెప్పాను. "రోగులందరు ఒక్క దిక్కు నుంచే వచ్చిన్రు. మనకు దొరికింది రోగం గుర్తో, తొవ్వల ఆగిన రక్తం గుర్తో తెల్వది."

ఆమె ఆ పేర్ల జాబితాను పైనుంచి కిందిదాకా చదివింది. తరువాత, "మీరు చెప్పేది తప్పయితే మంచిగుండు సార్" అంది.

"నాకు గూడ గదే ఉన్నది బిడ్డా. పోయి చూస్తే తెలుస్తది."

పెద్దసారు దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అంతా అయిపోయాక ఇప్పుడెందుకండీ ఈ అనుమానాలు?" అన్నాడు. తరువాత ఆమె వంక చూసి, ఎందుకో మెత్తబడ్డాడు. "సరే, వెళ్లి రండి. మీరొచ్చేదాకా పేపరు పంపను" అన్నాడు. ఆయన్ని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఆ ఒక్క మాటకు మాత్రం ఇప్పటికీ దండం పెడతాను.

భూపాలపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి కాటారం బస్సులో వెళ్లాం. రక్తాన్ని తిప్పే చిన్న సెంట్రిఫ్యూజును చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు అది మిక్సీయా అని అడిగాడు. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

అక్కడి మా నర్సు నడివయసు మనిషి. ఆ పల్లెల్లో అందరూ ఆమెను నర్సమ్మా అని పిలుస్తారు. మాకోసం స్టాండులో ఎదురుచూస్తోంది. "నువ్వు ఎప్పటిలెక్కనే పని చెయ్యి, మేం ఊకె చూస్తం" అన్నాం. అడవి అంచున ఉన్న ఒక పల్లెకు తీసుకెళ్లింది. మొదటి ఇల్లు కిడ్నీ జబ్బున్న ఒక పెద్దాయనది. చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూనే రక్తం తీసేసింది. సూది దిగిన సంగతి ఆయనకు తెలిసినట్టే లేదు. ట్యూబులను ఐసు డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను గడప పక్కన నీడలో పెట్టింది. అంతా మేం చెప్పినట్టే ఉంది. ఇక లేస్తుందేమో అనుకుంటే, మంచం మీద కాళ్లు ముడుచుకుని స్థిమితంగా కూర్చుంది.

"నర్సమ్మా, ఇగ పోదామా?" అన్నాను.

"ఎటు పోతం సారు? ఈయన ఇంక బువ్వ తినలే గదా!"

రక్తం పరగడుపున తీయాలి. కాబట్టి ఆ ఇంట్లో ఇంకా వండనే లేదు. ఇల్లాలు అప్పుడు పొయ్యి ముట్టించింది. మెల్లగా బియ్యం కడిగింది. కూరకు టమాటలు కోసింది. నర్సమ్మ ఆమెతో చిక్కుడు తీగ గురించి, మనవరాలి జ్వరం గురించి మాట్లాడుతూ కూర్చుంది.

"అక్కా, అందరిండ్లల్ల గిట్లనేనా?" అని మా అమ్మాయి మెల్లగా అడిగింది.

"అందరిండ్లల్ల గిట్లనే చెల్లె. మొదట్ల ఒకామె రక్తమిచ్చి, ఏం తినకుండనే మిరపచేనుకు పోయింది. తొవ్వల కండ్లు తిరిగి కాలువ గట్టు మీద పడ్డది. ఆనాటి సంది నేను ఒకటే పట్టుబట్టిన. రక్తమిచ్చినోళ్లు నా కండ్లముంగట తినాలె. తిన్నంకనే నేను లేసేది. అసలే నీరసపోళ్లు గదా!"

ఆ ఇల్లాలు మమ్మల్నీ కూర్చోబెట్టి వడ్డించింది. తినకపోతే ఊరుకునేలా లేదు. వేడివేడి అన్నం, టమాట కూర. నేను గడప పక్కనున్న డబ్బా వంక చూశాను. ఆ పిల్ల కూడా దాన్నే చూస్తోంది. ఇంకా రెండో ఇల్లు ఉంది, అక్కడా వండాలి, తినాలి, ఆ తరువాత బస్సు, ఆ తరువాత భూపాలపల్లిలో సెంట్రిఫ్యూజు. జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ రక్తం తీసే కుర్చీ పక్కనే ఆ తిప్పే యంత్రం ఉంది. ఇక్కడ పూటంతా ఆగిన రక్తం మా దగ్గరికి వచ్చింది. నేను తినడం ఆపేశాను.

నర్సమ్మ మా ముఖాలు చూసి కంగారు పడింది. "ఏంది సారు, గట్లున్నరు? నేనేమన్న తప్పు జేసిన్నా?"

ల్యాబులో ఎవరైనా నా యంత్రం స్విచ్చు ముట్టుకున్నా ఇల్లు పీకి పందిరేసే నాకు ఆ రోజు ఎంత వెతుక్కున్నా కోపం దొరకలేదు. ఇంత మంచి పనిని తప్పని ఎలా అంటాను?

"లేదమ్మా. చల్లగుంచుమని చెప్పినం, ఉంచినవ్. ఎంతసేపట్ల తిప్పాలెనో మేం ఎవ్వలం నీకు చెప్పలే" అన్నాను.

తరువాత నేను చొక్కా చెయ్యి మడిచాను. "నర్సమ్మా, నా రక్తం రెండు ట్యూబులు తియ్యి." నాది తీశాక మా అమ్మాయిది తీసింది. నర్సమ్మది మా అమ్మాయి తీయబోతే, అంత ధైర్యంగా ఊళ్లన్నీ తిరిగే మనిషి గోడకు అతుక్కుపోయింది. "చెల్లె, నాకు సూదంటే శాన భయం" అని కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ ఇల్లాలు పకపకా నవ్వింది. ముగ్గురి రక్తంలో ఒక్కో ట్యూబును అక్కడే, వాళ్ల టీవీ ప్లగ్గుకు సెంట్రిఫ్యూజును తగిలించి తిప్పేశాం. రెండో ట్యూబును డబ్బాలో పెట్టి ఎప్పటిలాగే వదిలేశాం. అది రెండో ఇంటి వంటా చూసింది, బస్సూ ఎక్కింది, భూపాలపల్లి చేరాకే సెంట్రిఫ్యూజులో తిరిగింది.

హైదరాబాద్ వచ్చాక ఏ ట్యూబు ఏదో నాకు తెలియకుండా పెద్దసారే నంబర్లు మార్చి ఇచ్చాడు. యంత్రం తన పని తాను చేసుకుపోయింది. నా సర్వీసు మొత్తంలో నా యంత్రం తప్పు చూపాలని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే. తెరమీద చుక్కలు వచ్చాయి. మూడు ఒక వైపు, మూడు ఇంకో వైపు. పెద్దసారు తన దగ్గరున్న నంబర్లు చూసి ఏది ఎవరిదో చెప్పాడు. వెంటనే తిప్పిన మూడూ ఆరోగ్యవంతుల వైపు. ఆగిన మూడూ రోగుల వైపు. నా ఒంట్లోంచి ఒకే సూదితో తీసిన రక్తం, ఒక ట్యూబులో నాకేం కాలేదంది, ఇంకో ట్యూబులో నా కిడ్నీలు పోతున్నాయంది.

ఆ పిల్ల ఏడవలేదు. "సార్, ఇంకొక్కసారి కిచిడీ పెట్టుండ్రి" అంది. పెట్టాను. ఏ మార్పూ లేదు. అప్పుడు పెద్దసారు ఉన్నాడని కూడా మరిచిపోయి మా మాటలోనే అంది. "బాపుదే సరిగ్గ వచ్చింది సార్. తప్పొచ్చింది మిగిలినోళ్లందరిది."

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. "మళ్లీ మొదటి నుంచీ చేద్దామమ్మా" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక ఆమె చాలాసేపు ఆ తెర ముందే కూర్చుంది. నాలుగేళ్ల పని అది. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. నాకు చేతనైన ఓదార్పు అంతే.

ఇక అసలు కష్టం తండ్రికి చెప్పడం. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటూ దాటేసింది. చివరికి, "సార్, మీరు గూడ రారాదు" అని అడిగింది. ఇద్దరం డోర్నకల్‌లో రైలు దిగాం. వాళ్ల ఇంటి దగ్గర ఒకాయన నన్ను ఆపి, "మీరేనా సారు, కిడ్నీ రోగాన్ని ముందుగాల్నే పసిగట్టెటోళ్లు? మా పిల్ల చేసిందంట గదా!" అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని లోపలికి నడిచింది.

ఆయన బక్కపలచటి మనిషి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లు నీళ్లు కూడా కొలుచుకుని తాగాలి. చిన్న గ్లాసులో ఒక గుక్క తాగి పక్కన పెట్టి, మమ్మల్ని చూసి సంబరంగా లేచి కూర్చున్నాడు.

"బాపూ, నేను దొరికిందని చెప్పింది దొరకలే" అని ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. తరువాత అంతా వివరించింది. కాటారం, గడప పక్కన డబ్బా, నర్సమ్మ, మూడు చుక్కలు. మధ్యలో గూడ్స్ బండి ఒకటి వెళ్లింది. అది పోయేదాకా ముగ్గురం మాటలాపి కూర్చున్నాం. ఆ బండి ఎప్పటికీ పోకపోయినా బాగుండుననిపించింది నాకు.

ఆయన అన్నాడు, "కేబిన్ల నాకు స్టేషన్ మాస్టర్ ఫోన్ల ఒక మాట చెప్తడు. నేను గదే మాట మళ్ల ఆయనకు అప్పజెప్పాలె. ఆయన ఇని సరే అన్నంకనే లివరు గుంజుడు. ఒక్కసారి ఇన్న మాట మీద బండిని పోనియ్యరు బిడ్డా."

"మరి నేను అందరికి చెప్పుకున్న గదా బాపూ. నువ్వు కాలనీ అంత చెప్పినవ్."

"చెప్పిన. ఇగ మళ్ల పోయి చెప్త, నా బిడ్డ బండి నాపిందని. దాంట్ల సిగ్గేమున్నది? నువ్వు ఆపకపోతే, ఏం లేనోళ్లకు గూడ నీకు కిడ్నీ రోగమున్నదని చెప్పుకుంట పోదురు. ఎంతమంది పరేషాన్ అవుదురు!"

ఆమె అప్పుడు ఏడ్చింది. ల్యాబులో ఏడవనిదంతా అక్కడ ఏడ్చింది. ఆయన లేచి వచ్చి తల మీద చెయ్యి పెట్టలేదు, బుజ్జగించలేదు. మంచం అంచుకు జరిగి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"గా చెయ్యి డయాలిసిస్‌ది, దాన్ని ముట్టద్దు. గీ చేతికి తియ్యి. మొదటి నుంచి చెయ్యాలె అన్నవ్ గదా."

"ఇప్పుడొద్దు బాపూ. నీ ఒంట్ల రక్తమే తక్కువున్నది."

"తియ్యి. జర ఎక్కువనే తీసుకో. మళ్ల మళ్ల తూసుకునేటందుకు పనికొస్తది."

కాటారం నుంచి వచ్చినప్పటి నుంచీ నా సంచిలోనే ఉంటున్న సెంట్రిఫ్యూజును నేను ప్లగ్గుకు తగిలించాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఆ చేతిమీద నరం కోసం చాలాసేపు వెతికింది. దొరికాక ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

ఆ తరువాతి సంగతి క్లుప్తంగానే చెబుతాను. ముగ్గురు నర్సులకూ సంచిలో పట్టే సెంట్రిఫ్యూజులు ఇచ్చాం. నర్సమ్మ పట్టుదల మాత్రం మార్చలేదు, మార్చమనలేదు. రక్తం గిరగిరా తిరుగుతుంటే ఆమె వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చునేది. ఈసారి మూడు చోట్లా రోగులనూ ఆరోగ్యవంతులనూ సమానంగా ఎంచాం. అవే రక్తాలను వేరే ఊళ్లల్లోని ఇంకో రెండు ల్యాబులకు కూడా పంపాం. మూడు ల్యాబుల అంకెలూ ఒక్కటయ్యాయి. మొదట దొరికిన గుర్తు మూడింటిలోనూ లేదు. రక్తం ఎంతసేపు ఆగవచ్చు, ఆగితే ఏమవుతుంది అన్నదే ఆమె థీసిస్ అయింది. దానికి స్వీట్లు ఎవరూ పంచలేదు, పేపర్లో ఫోటో రాలేదు. కానీ ఈ రంగంలో రక్తం తీసేవాళ్లు ఇప్పుడు అందులో చెప్పినట్టు తీస్తున్నారని విన్నాను. అసలు గుర్తు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు. ఆమెకు డాక్టరేట్ వచ్చేనాటికి తండ్రి లేడు. మేం డోర్నకల్ వెళ్లొచ్చాక వచ్చిన ఎండాకాలంలోనే పోయాడు.

ఇప్పుడు ఆమె వేరే ఊళ్లో ఒక ల్యాబు నడుపుతోంది. నేను రిటైరయ్యాను. తండ్రి దగ్గర ఆ రోజు తీసిన రక్తాన్ని ఆమె చిన్నచిన్న ట్యూబులుగా పంచి ఫ్రీజరులో దాచింది. కొత్త యంత్రం వచ్చినా, కొత్త పద్ధతి పెట్టినా, ఇంకెవరిదీ తూచకముందు అందులోంచి ఒక ట్యూబు తీసి తూస్తుంది. మొదటి రోజు అంకెలతో కలిస్తేనే ఆ యంత్రాన్ని నమ్ముతుంది. ఆ పనికి బజారులో కొనుక్కునే రక్త నమూనాలున్నాయి. వాటిని ఎందుకు వాడవని నేను అడగలేదు.

మొన్న ఫోన్ చేసింది. వాళ్లకు కొత్త యంత్రం వచ్చిందట, మా పాతదానికంటే చాలా పెద్దదట. దాని గొప్పలన్నీ చెప్పింది.

"మరి తూసినవా?" అన్నాను.

"తూసిన సార్." వెనక ఆ యంత్రం చప్పుడు వినిపిస్తోంది. "బాపు అట్లనే ఉన్నడు. ఏం మారలే."